ఆక్టేవ్‌ని ఎవరు హార్డ్‌కోడ్ చేశారు?

చిన్నప్పుడు ఓ ఏడాదిన్నర వయొలిన్ నేర్చుకున్నాను. సరళీ వరసలు దాటి జంట వరసల్లో పడ్డాక ఒకరోజు మా మాస్టార్ని అడిగాను. "సరిగమపదని అయిపోయాక మళ్ళీ స ఎందుకండీ? కొత్త పేరు పెట్టొచ్చుగా?" ఆయన కమాను పక్కన పెట్టి, "అది స కాబట్టి" అన్నారు. ఇంకో ప్రశ్న వేసే ధైర్యం లేకపోయింది.

పోయిన నెల మా టీములోకి చెన్నై నుంచి వచ్చిన ట్రైనీ అడిగింది. "మన ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి ఎందుకు పెట్టారు? నాకసలు ఇంటిపేరే లేదు, మా ఇంట్లో ఎవరికీ లేదు." నేను స్క్రీన్ మీంచి తల కూడా ఎత్తకుండా "మొదట్నుంచీ అంతే, మీ నాన్నగారి పేరు కొట్టేయ్" అన్నాను. రాత్రి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది, అది మా మాస్టారి జవాబే! ఆయన చేతిలో కమానన్నా ఉంది, నా చేతిలో కాఫీ కప్పు తప్ప ఏమీ లేదు.

ఆ సిగ్గుతోనే నా పాత ప్రశ్నని మళ్ళీ పట్టుకున్నాను. తీరా చూస్తే ఇదే ప్రశ్న నాకంటే ముందు వేసినాయన ఒకరున్నారు. ఆయనా ఇంజనీరే. పేరు హైంజ్ బోలెన్, జర్మనీలో మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ మనిషి. 1970ల మొదట్లో హాంబర్గులో సంగీత విద్యార్థుల కచేరీలు రికార్డు చేసిపెడుతూ, "అందరూ పన్నెండు స్వరాలే ఎందుకు వాడతారు, ఆక్టేవ్ దగ్గరే ఎందుకు తిరిగి మొదలెడతారు?" అని అడిగాడట. తృప్తిపరిచే జవాబు రాకపోతే తనే లెక్కలు వేయడం మొదలెట్టాడు.

ఆ లెక్క మనకి సులువుగానే అర్థమవుతుంది. మధ్యస్థాయి స 240 హెర్ట్జ్ అనుకుందాం. తారస్థాయి స దానికి రెట్టింపు, 480. ఈ రెట్టింపే ఆక్టేవ్. బోలెన్ ఏమన్నాడంటే, రెండు బదులు మూడు పెట్టి చూద్దాం. అంటే 720, మన లెక్కలో తారస్థాయి పంచమం. అక్కడికి చేరి "ఇదే ఇల్లు, ఇక్కణ్ణుంచి మళ్ళీ మొదలు" అనుకోవాలన్నమాట. ఆ దూరాన్ని 13 సమానమైన మెట్లుగా కోశాడు. ఆక్టేవ్‌ని 1200 సెంట్లుగా లెక్కేస్తే పియానోలో ఒక్కో మెట్టు 100 సెంట్లు, బోలెన్ మెట్టు 146.3. ఇందులో తారస్థాయి స ఎక్కడా దొరకదు. ఎనిమిదో మెట్టు దగ్గరగా వస్తుంది గానీ 30 సెంట్లు తక్కువ. శ్రుతి తెలిసినవాళ్ళు ఎవరైనా మొహం చిట్లించేంత తేడా అది.

13 ఏమిటి, ఇష్టమొచ్చిన అంకె కాదా అనుకోవద్దు. 3:5:7 నిష్పత్తిలో ఉండే మూడు స్వరాలు కలిపి మోగిస్తే చెవికి ఇంపుగా ఉంటాయి. 13 మెట్ల పద్ధతిలో ఆ నిష్పత్తులు 7 సెంట్ల తేడా కూడా లేకుండా వస్తాయి. పియానోలో మేజర్ థర్డ్ దాదాపు 14 సెంట్లు తప్పుగా ఉంటుంది, దాన్ని మాత్రం లోకమంతా హాయిగా వింటోంది. 1978లో కేస్ వాన్ ప్రోయెన్ అనే డచ్చాయన, 1984లో ట్రాన్సిస్టర్‌కి ఆ పేరు పెట్టిన జాన్ పియర్స్, ఎవరికి వారు విడివిడిగా ఇదే చోటికి చేరారు. దీన్ని ఇప్పుడు బోలెన్-పియర్స్ స్కేల్ అంటారు.

ఓ ఆదివారం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. మొదట సాటూత్ వేవ్‌తో వాయిస్తే గిన్నెలు దొర్లినట్టుంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమైంది?" అని కేకేసింది. తర్వాత స్క్వేర్ వేవ్‌కి మార్చాను. అదే స్కేలు, అవే స్వరాలు, ఉన్నట్టుండి కుదురుకున్నాయి. కారణం ఏంటంటే స్క్వేర్ వేవ్‌లో 1, 3, 5, 7 ఇలా బేసి హార్మోనిక్సే ఉంటాయి. రెట్టింపు అనేది ఆ ధ్వనిలోనే లేదు, ఇక చెవి దాన్ని ఎక్కడ వెతుక్కుంటుంది? పెళ్ళి బ్యాండుమేళంలో క్లారినెట్టు ఉంటుంది చూశారూ, దాని స్వభావం కూడా చాలావరకు ఇదే. గట్టిగా ఊది పై స్థాయికి తీసుకెళితే అది ఆక్టేవ్‌కి కాదు, మూడు రెట్లకి దూకుతుంది. టొరంటోలో స్టీఫెన్ ఫాక్స్ అనే ఆయన ఈ స్కేలు కోసమే క్లారినెట్లు తయారుచేశారు కూడా.

అయితే ఆక్టేవ్ ఉత్త అలవాటేనా? అంత మాట నేననను. భజనలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి పాడుతుంటే, ఎవరి గొంతు స్థాయి వాళ్ళదైనా అందరూ ఒకే పాట పాడుతున్నట్టే ఉంటుంది. ఆ సౌకర్యం ఆక్టేవ్ పెట్టిన భిక్షే. తీగ మీటితే రెండో హార్మోనిక్ దానంతటదే పలుకుతుంది, ఎవరూ కనిపెట్టక్కర్లేదు. కానీ ప్రకృతిలో ఉన్నంత మాత్రాన అది శాసనం అయిపోదు. బొలీవియా అడవుల్లో ఉండే చిమానే ప్రజల మీద చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. వాళ్ళ గొంతుకి అందని స్వరాలు వినిపించి తిరిగి పాడమంటే, స్వరం పైకెళ్ళిందా కిందికెళ్ళిందా అన్నది పట్టుకున్నారు గానీ, అమెరికన్లలాగా ఆక్టేవ్ తేడాతో పాడలేదు. అంటే "పై స కూడా స" అన్నది కొంత చెవిలో ఉంది, కొంత పెంపకంలో ఉంది.

నా అభిప్రాయం ఏంటంటే, ఆక్టేవ్ చాలా మంచి డిఫాల్ట్. డిఫాల్ట్ అంతే. చిక్కల్లా మనలాంటివాళ్ళు దాన్ని కాన్‌స్టెంటుగా మార్చేయడం దగ్గరే వస్తుంది. 1983లో వచ్చిన మిడి చూడండి. స్వరానికో నంబరు, 69 అంటే 440 హెర్ట్జ్, పన్నెండు నంబర్లకోసారి రెట్టింపు. ఆ తర్వాత రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ చూసినా పన్నెండుతో మాడ్యులోనే. అదే స్కాలా అనే ట్యూనింగ్ ప్రోగ్రాం ఫైల్లో స్వరాల పట్టిక కింద ఆఖరి లైను "ఎక్కడ తిరిగి మొదలవ్వాలి" అని చెబుతుంది. అక్కడ 2/1 రాసుకోవచ్చు, 3/1 రాసుకోవచ్చు. దాని రచయిత మాన్యుయెల్ ఓప్ డి కౌల్ ఆ ఒక్క నిర్ణయం వాడేవాళ్ళకి వదిలేశారు. దానివల్ల ఆక్టేవ్ వాడేవాళ్ళకి పోయిందేమీ లేదు.

బోలెన్‌కి సంగీతం మనకంటే ఎక్కువ తెలిసి కాదు, బయటివాడు కాబట్టే అడగగలిగాడు. మా ట్రైనీ కూడా అంతే. ప్రాజెక్టుకి కొత్త కాబట్టి ఆమెకి ఆ స్టార్ గుర్తు కనబడింది. నాకు మూడేళ్ళ నుంచి కనబడలేదు.

సోమవారం ఆమెకి సారీ చెప్పి, ఇద్దరం కూర్చుని ఇంటిపేరు మీద "తప్పనిసరి" తీసేశాం. ఒక్క లైను మార్పే కదా అనుకున్నాను. ఇప్పటికి పదకొండు చోట్ల పగిలింది. పన్నెండోది ఎక్కడో ఉండే ఉంటుంది. పదమూడోది కూడా.