గోడ ఊగితే... ఇల్లు నిలుస్తుంది!

నెల్లూరు తీరంలో సముద్రం వైపు వెళ్తుంటే అక్కడక్కడా ఓ భవనం కనిపిస్తుంది. కింద గోడలుండవు, అన్నీ స్తంభాలే. వాటిమీద పెద్ద గది, పక్కన మెట్లు. అదే తుపాను షెల్టరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానునూ, 2004 డిసెంబరు 26 నాటి సునామీనీ చూసినవాళ్లకు ఆ ఎత్తు ఎందుకో చెప్పక్కర్లేదు. నీళ్లు కిందనుంచి పోవాలి... మనుషులు పైన బతకాలి.

నెల్లూరు నగరంలో చాలా అపార్టుమెంట్లదీ ఇదే తీరు. కాకపోతే అక్కడ కింద ఖాళీ వదిలింది నీళ్ల కోసం కాదు, కార్ల కోసం.

నీటికి దారిచ్చే ఈ కాళ్లే భూమి కదిలినప్పుడు ఇంటికి బలహీనత అవుతాయి.

'నెల్లూరులో భూకంపమా?' అని తేలిగ్గా తీసేయకండి. 2002లో సవరించిన భారతీయ ప్రమాణాల్లో నెల్లూరు, చెన్నై రెండూ మూడో జోన్‌లోనే ఉన్నాయి. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి దగ్గర సముద్రంలో 5.5 తీవ్రతతో భూకంపం వస్తే చెన్నైలో జనం వీధుల్లోకి పరుగెత్తారు. 2015లో జిల్లాలోని మెట్ట ప్రాంతమైన వరికుంటపాడు, వింజమూరు మండలాలనూ ప్రకంపనలు భయపెట్టాయి. హిమాలయాలంత ముప్పు లేదు నిజమే. అలాగని అసలు లేకపోలేదు.

కాళ్లు ఎందుకు విరుగుతాయి?

బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు. భూకంపంలో ఇంటి పరిస్థితీ అంతే. నేలతోపాటు అడుగు కదులుతుంది. పైభాగం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉంటాయి కాబట్టి అవి పెట్టెలా బిర్రుగా ఉంటాయి. కింద మాత్రం ఉత్త పిల్లర్లు. దాంతో ఒరుగుడంతా ఆ ఒక్క అంతస్తులోనే జరుగుతుంది. ఇంజినీర్లు దీన్ని 'సాఫ్ట్ స్టోరీ' అంటారు. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలా పిల్లర్ల మీద కట్టిన అపార్టుమెంట్లు ఎన్నో కుప్పకూలాయి.

దీనికి విరుగుడు... కింది నుంచి పైదాకా ఒకే నిలువు కాంక్రీటు గోడ. దాన్నే 'షియర్ వాల్' అంటారు. అది ఇంటికి వెన్నెముకలాంటిది. ఏ ఒక్క అంతస్తూ మిగతావాటికన్నా ఎక్కువ ఒరగకుండా దెబ్బను అన్నింటికీ పంచుతుంది. అయితే ఆ గోడను పునాదిలో బిగించి కడితే పెద్ద భూకంపంలో దాని అడుగున కాంక్రీటు చిట్లుతుంది, లోపలి ఇనుము సాగిపోతుంది. ఇల్లు కూలదు, ప్రాణాలు దక్కుతాయి. కానీ అందులో మళ్లీ కాపురం పెట్టడం కష్టం.

బీరువా చెప్పే పాఠం

బరువైన బీరువాను జరపడానికి ఒక పక్కకు వంచుతాం కదా! అవతలి అంచు కాస్త లేస్తుంది. వదిలితే దాని బరువే దాన్ని మళ్లీ నేలమీద కూర్చోబెడుతుంది. అదే బీరువాను బోల్టులేసి నేలకు బిగిస్తే? గట్టిగా లాగినప్పుడు బోల్టయినా ఊడాలి, అడుగు రేకయినా చిరగాలి.

'ఊగే గోడ' కిటుకు ఇదే. గోడను పునాదికి బిగించరు, దానిమీద నిలబెడతారు. పైనుంచి కిందదాకా గోడ లోపల ఉక్కు తీగలను బాగా బిగించి లాగి ఉంచుతారు. భూమి కదిలితే గోడ ఒక అంచు మీద ఒరిగి, రెండో అంచు కొద్దిగా లేస్తుంది. తంజావూరు బొమ్మలా వెంటనే నిటారుగా వచ్చేస్తుంది. పక్కన అమర్చిన ఉక్కు ముక్కలు వంగి ఆ ఊపును మింగేస్తాయి. తర్వాత వాటిని మార్చుకుంటే సరి.

ఈ ఆలోచన వెనక ఓ కథ ఉంది. 1960లో చిలీ భూకంపంలో పొడవాటి నీళ్ల ట్యాంకులు కొన్ని, తమకన్నా గట్టివనుకున్న కట్టడాలు దెబ్బతిన్నా, చెక్కుచెదరకుండా నిలిచాయి. పునాదిమీద అటూఇటూ ఊగడమే వాటిని కాపాడిందని అమెరికా శాస్త్రవేత్త జార్జ్ హౌస్నర్ 1963లో లెక్కలతో వివరించాడు. 1981లో న్యూజిలాండ్ వాళ్లు సౌత్ రంగిటికీ నది మీద ఊగే స్తంభాలతో రైలు వంతెనే కట్టేశారు. జపాన్‌లోని యొకొహామాలో, టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రాంగణంలో 1979 నాటి 11 అంతస్తుల భవనానికి బయటివైపు ఊగే గోడలు తగిలించారు. ఆ పని పూర్తయిన కొద్దికాలానికే 2011 మార్చి 11న తొమ్మిది తీవ్రతతో భూకంపం వచ్చింది. భవనం పెద్ద నష్టం లేకుండా బయటపడింది.

మరి మన తీరంలో?

ఇది ప్రతి ఇంటికీ పనికొచ్చే మంత్రం కాదు. ఖర్చుంటుంది. లెక్క తెలిసిన ఇంజినీరు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, గోడ ఊగాలంటే కింద పునాది ఊగకూడదు. తీరంలో నీరు పైపైనే ఉండే ఇసుక నేల గట్టిగా కుదిపితే బురదలా జారిపోయే ప్రమాదముంది. భుజ్ భూకంపంలో కాండ్లా ఓడరేవు భవనం ఒకటి పక్కకు ఒరిగింది అందుకే. అలాంటిచోట లోతైన పైల్ పునాది తప్పదు. కాబట్టి ఊగే గోడ ఆసుపత్రుల్లాంటి వాటికి ఎక్కువ నప్పుతుంది. భూకంపం వచ్చిన మర్నాడు కూడా తలుపులు తెరిచి ఉండాల్సినవి అవే కదా!

మామూలు ఇంటివాళ్లు తీసుకోవాల్సింది అందులోని సూత్రాన్ని. కింద కార్లకు చోటు వదిలినా, అక్కడ కొన్ని కాంక్రీటు గోడలను పునాది నుంచి పైదాకా తీసుకెళ్లాలి. కింద ఖాళీగా ఉండే భవనాలకు ఇలాంటి గోడలో, ఏటవాలు ఊతాలో ఉండాలని 2016లో సవరించిన ప్రమాణాలూ చెబుతున్నాయి. పిల్లర్లలో రింగుల చివర్లను 90 డిగ్రీల దగ్గర ఆపేయకుండా 135 డిగ్రీలు లోపలికి వంచాలి. లేకపోతే గట్టి కుదుపుకు అవి విచ్చుకుంటాయి. ఈ ఒక్క వంపుకయ్యే ఖర్చు ఏపాటి?

ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం ఏ దిక్కున, టైల్స్ ఏ రంగువి అని పదిసార్లు అడుగుతాం. కాంక్రీటు పోసేముందు ఒక్కసారి మేస్త్రీని పిలిచి రింగు కొక్కెం చూపించమనండి. స్లాబు పడ్డాక అది మళ్లీ కనిపించదు... భూమి కదిలే రోజు దాకా!