అబ్బా రికార్డ్ ప్లేయర్ షోకేసు కోసం కాదు

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక పద్దెనిమిదేళ్లు ఆయన రికార్డ్ ప్లేయర్ సందూక్‌లోనే పడి ఉంది. హెచ్‌ఎంవి ఫియస్టా. సూట్‌కేసులా మూసి చేత పట్టుకెళ్లే రకం. ఈమధ్య ఇల్లు సర్దుతుంటే బయటపడింది. "గానా బజానా ఉన్న ఇంట్లో బరకత్ ఉండదు, కబాడీకి ఇచ్చేయ్" అన్నాడు భాయిజాన్. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ స్పీకర్ పెడదామన్నాడు భతీజా. దగ్గరి చుట్టం ఒకాయన పాలిష్ కొట్టించి షోకేసులో పెట్టమన్నాడు. ముగ్గురి సలహా వేరువేరుగా ఉన్నా, అది మళ్లీ నోరు విప్పకూడదన్న దాంట్లో ముగ్గురూ ఏకమే.

అమ్మీ ఒక్కతే అడిగింది. "ఒకసారి చలాయించి చూడు బేటా."

ఆమెకు డెబ్బై దాటాయి. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవీ తగ్గుతోంది. నా జల్దీ అందుకే.

ప్లగ్గు పెడితే పళ్లెం తిరిగింది గానీ, ఆవాజ్ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో అడుగుతూ పోతే ఒక ముసలి మెకానిక్ దొరికాడు. ముల్లు ఉండే కార్ట్రిడ్జ్‌ను భూతద్దం కింద పెట్టి చూసి, "ఇది మర్‌గయా సాబ్" అన్నాడు. అది పాతకాలపు క్రిస్టల్ కార్ట్రిడ్జ్. లోపల రోషెల్ సాల్ట్ అనే ఉప్పు స్ఫటికం ఉంటుంది. ముల్లు గాడిలో కదులుతుంటే ఆ స్ఫటికం వంగి కరెంటు పుట్టిస్తుంది. ఉప్పు కదా, తేమ తగిలితే ఖతం. పద్దెనిమిది వానాకాలాలు సందూక్‌లో పెట్టి చంపింది మేమే.

మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ మంచిదని కొందరు చెబుతారు. నిజమే. కానీ దాన్నుంచి వచ్చే కరెంటు కొన్ని మిల్లీవోల్టులే. ఫియస్టాలోని ఆంప్లిఫయర్‌కు అది చాలదు. పాత మిషన్‌కు దాని జాతి విడిభాగమే కావాలి. అందుకే సెరామిక్ కార్ట్రిడ్జ్ వేయించాను. దొరికింది స్టీరియోది, మాది మోనో. రెండు చానళ్ల తీగలూ కలిపితే సరిపోయింది. తీగల్ని మాత్రం నేరుగా కార్ట్రిడ్జ్ పిన్నులకు టంకం పెట్టకూడదట, వేడికి కొత్తదీ పోతుందట. చిన్న క్లిప్పులకు ముందే టంకం పెట్టి, వాటిని పిన్నులకు తొడిగాడు. ఆ చేతులు వణుకుతున్నాయి గానీ క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి నిలిచిపోయాయి. గట్టిపడిన గ్రీజు తుడిచి నూనె చుక్క వేశాడు. మోటారు దగ్గరి రబ్బరు కూడా మార్చాడు.

జజ్బాత్‌లో చాలామంది చేసే తప్పొకటి చెప్పాలి. ప్లేయర్ తిరగ్గానే అబ్బా ముల్లుతోనే అబ్బా రికార్డు పెట్టేస్తారు. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. ఆ గాడిలోనే కదా గొంతు ఉన్నది! నీలం రాయి ముల్లు కొన్ని పదుల గంటలకే అరుగుతుంది, వజ్రం ముల్లు వందల గంటలు వస్తుంది. ఇంకోటి, 78 స్పీడు లక్క రికార్డుకు కావలసిన ముల్లు మొన, ఎల్‌పీ ముల్లు మొన కంటే మూడు నాలుగు రెట్లు లావు. అది ఎల్‌పీ మీద పెడితే ఒక్కసారికే రికార్డు బర్బాద్. చిన్నప్పుడు ఆ మీట తప్పుగా తిప్పినందుకే అబ్బా చేతిలో నేను తిన్న చెంపదెబ్బ ఒకటుంది. జాయజ్ దెబ్బే.

ఇక భాయిజాన్ మాట. నేను ఆలిమ్‌ను కాను, మౌసిఖీ మీద ఫత్వా ఇవ్వను. అయితే గ్రామఫోన్ కొత్తగా వచ్చిన రోజుల్లో, అందులో ఖురాన్ తిలావత్ వినొచ్చా లేదా అని కూడా ఉలమా బహస్ చేశారు. ఇవాళ భాయిజాన్ ఫజర్ తర్వాత తిలావత్ వినేది మొబైల్లోనే. వద్దనుకున్నవాళ్లు వినకండి, ఆ హక్కు మీది. కబాడీకి వేసే హక్కు ఎక్కడిది? మా ఇంట్లో ఉన్నది అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ. 1971లో పద్మశ్రీ అందుకున్న మన హైదరాబాదీ. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ తలఫ్ఫుజ్ అబ్బా నేర్పలేదు, ఈ ప్లేట్లే నేర్పాయి. మా పిల్లలకు ఉర్దూ చదవడం రాదు. కనీసం చెవిన పడాలి కదా. యూట్యూబ్‌లో ఉంది కదా అంటాడు భతీజా. ఉంది. అబ్బా కొన్నది, అమ్మీ విన్నది మాత్రం ఇది.

జుమా రోజు పెట్టాను. మొదట చిటపటలు, తర్వాత హార్మోనియం. అమ్మీ కుర్చీ జరిపి ఎడమ చెవి స్పీకర్ వైపు పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి, అన్ని బోల్ గుర్తున్నాయి ఆమెకు. భాయిజాన్ లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. దర్వాజా దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి, "అసర్ అజాన్ అవుతుంది, ఆపు" అన్నాడు. ముల్లు ఎత్తాను.

"నమాజ్ అయ్యాక రెండో పక్క పెట్టు" అంది అమ్మీ, నాతో కాదు, అతనితో.