నాన్నకు కొత్త బండి కొనిచ్చారా? ఒక ఆదివారం కూడా ఇవ్వండి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం. చేతికి బోనస్ వచ్చింది. సంక్రాంతికి ఊరెళ్లి నాన్నకు బండి కొనిచ్చారు. దండేసి, నిమ్మకాయలు తొక్కించి ఫొటో తీశారు. స్టేటస్ పెడితే హార్టులే హార్టులు. కనుమ దాటగానే మీరు బస్సెక్కేశారు. నాన్న మాత్రం ఆ బండేసుకుని పొదిలి నుంచి చీమకుర్తి రోడ్డెక్కాడు.

ఇంతకీ ఆయన బండి తోలి ఎన్నాళ్లయింది? మీ కాలేజీ ఫీజుల కోసం పాత బండి అమ్మేసి, పదేళ్లు బస్సుల్లో, ఆటోల్లో తిరిగుండొచ్చు. మోకాలి నొప్పని పక్కన పెట్టి, రిటైరయ్యాక మళ్లీ పట్టుకునుండొచ్చు. మీరు జాగ్రత్త చెప్పబోతే వచ్చే జవాబు మాత్రం ఒకటే: "నువ్వు పుట్టకముందు నుంచి తోలుతున్నా. నాకు చెప్తావేందిరా?"

ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ అనుభవమంతా పాత బండిది. ఇది కొత్త బండని ఆయన తలకు తెలుసు, కాలికీ చేతికీ ఇంకా తెలియదు. గొర్రెల మంద అడ్డమొచ్చిన ఆ ఒక్క క్షణంలో తల ఆలోచించే లోపే కాలు పని చేసేస్తుంది. పాత అలవాటు ప్రకారమే చేస్తుంది.

గేర్లే చూడండి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ తర్వాతొచ్చిన స్ప్లెండర్ మీద నేర్చుకున్నవాళ్లకు ఒకటే లెక్క. ముందుకు నొక్కితే గేరు పెరుగుతుంది, మడమతో నొక్కితే తగ్గుతుంది. 150 సీసీ, ఆపైన ఉన్న బండ్లలో ఎక్కువ వాటికి మొదటి గేరు కిందకి, మిగతావన్నీ పైకి. మూడో గేరులో యాభైలో పోతూ, నాలుగో గేరనుకుని ముందుకు నొక్కితే పడేది రెండో గేరు. బండి ఒక్కసారిగా గుంజుతుంది, వెనక చక్రం జారిపోనూవచ్చు.

బుల్లెట్ మోజున్న నాన్నలది ఇంకో కథ. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. కొత్త బుల్లెట్‌కి తిరగబడ్డాయి. కంగారులో ఎడమకాలు తొక్కితే దొరికేది బ్రేకు కాదు, గేరు. గేర్లు లేని స్కూటీ కొనిచ్చారా? దానికి కాలి బ్రేకే ఉండదు. ముప్పై ఏళ్లు బైకు తోలిన కుడికాలు ఉత్త ఫుట్‌బోర్డునే గట్టిగా అదుముతుంది. ఈలోపు బండి ముందుకు పోతూనే ఉంటుంది.

ఇక బ్రేకులు. "ముందు బ్రేకు పట్టుకోమాక, పల్టీ కొడతావు" అని మన ఊళ్లలో చాలామంది నేర్చుకున్న మొదటి పాఠం. కంకర మీద, మలుపులో, గబుక్కున గుంజితే అది నిజమే. కానీ మంచి తారు రోడ్డు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకొస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. కాలి బ్రేకు ఒక్కటే తొక్కితే బండి ఆగేదానికన్నా జారేది ఎక్కువ. రెండూ కలిపి పట్టాలి. ముందుది మెల్లగా మొదలుపెట్టి బిగించుకుంటూ పోవాలి.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి. సీబీఎస్ ఉంటే వెనక బ్రేకు వేసినా ముందు బ్రేకు కొంత పడుతుంది. ఏబీఎస్ పని చేసేటప్పుడు బ్రేకు దడదడలాడుతుంది. ఏదో విరిగిందనుకుని వదిలేయకూడదు, అలాగే పట్టుకునుండాలి. ఇది షోరూమ్ వాళ్లు మీకు చెప్పుంటారు. మరి నాన్నకు?

వయసు సంగతీ ఉంది. అరవైలో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళుతుంది. చూసి బ్రేకు వేయడానికి అర సెకను ఎక్కువ పడితే ఇంకో 8 మీటర్లు ఖర్చయిపోయినట్టే. కంట్లో శుక్లం మొదలైతే ఎదురొచ్చే లైటు చుట్టూ వెలుగు చెదిరి ఏమీ కనపడదు. చీమకుర్తి దగ్గర రాత్రిపూట ఎదురుగా వచ్చేది గ్రానైట్ లారీ! షుగరున్నవాళ్లలో కొందరికి పాదాలు మొద్దుబారతాయి, బ్రేకు ఎంత తొక్కుతున్నారో తెలియదు. మెడ తిరగనివాళ్లకు అద్దాలే దిక్కు. వాటిని చాలామంది ఇంటికెళ్లగానే ఊడదీసి అటక మీద పెడతారు.

మన రోడ్లు మీకు తెలియనివి కావు. మిరప కోతలప్పుడు తెల్లారుజామునే కూలీల ఆటోలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు. పొగాకు వేలం రోజుల్లో బేళ్ల బండ్లు. రోడ్డు అంచున ఆరబోసిన కంకులు, కాయలు. వాటి మీద టైరుకు పట్టుండదు. చీకటి పడ్డాక బండి తీయకపోవడం పిరికితనం కాదని నాన్నకు ఎవరైనా చెప్పాలి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మనూళ్లో ఆ వెనక సీట్లో కూర్చునేది ఎక్కువగా అమ్మ. కాబట్టి ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు రెండు కొనండి. అమ్మ తల కొలత చూసి మరీ కొనండి.

నాన్న లైసెన్సు తేదీ కూడా చూడండి. గడువు దాటి ఏడాది లోపైతే రెన్యువల్‌తో పోతుంది. ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే. కొత్త బండి కాకుండా షెడ్డులో పడున్న పాత బండే బయటికి తీస్తున్నారా? టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం టైరు. గాట్లు బాగున్నా రబ్బరు గట్టిపడిపోయుంటుంది, మార్చేయండి.

చివరిగా ఆ ఆదివారం. పొద్దున్నే ఎండెక్కకముందు ఖాళీగా ఉన్న గ్రౌండుకు ఇద్దరూ వెళ్లండి. "నీకు రాదు" అనే మాట మాత్రం నోట్లోంచి రానీయొద్దు. "నాన్నా, ఈ బండి బ్రేకు ఎట్టా పడుతుందో ఇద్దరం చూద్దాం, రా" అనండి. ఒక ఇటుక పెట్టి, దాని దగ్గరికి రాగానే రెండు బ్రేకులూ కలిపి ఆపమనండి. ముందు ఇరవైలో, తర్వాత ముప్పైలో, ఆ తర్వాత నలభైలో. పదేసి సార్లు. గేర్లు ఎక్కించి దించమనండి, చూడకుండా కాలికే తెలిసేదాకా. లైసెన్సు టెస్టులోలాగా ఎనిమిది అంకె మీద మెల్లగా తిప్పమనండి. తర్వాత అమ్మను వెనక కూర్చోబెట్టి ఇంకోసారి. బరువు పెరిగితే బండి ఆగే దూరమూ మారుతుంది.

మొత్తం కలిపి గంటన్నర పని. నలభైలో వస్తూ, కంగారు లేకుండా, చక్రం జారకుండా ఆపగలిగాడా? అప్పుడు చీమకుర్తి రోడ్డెక్కమనండి. ఆపలేకపోతే ఇంకో ఆదివారం ఉండి రండి. బస్సు మళ్లీ దొరుకుతుంది.