టీవీలో పనిమనిషి ఏ తెలుగు మాట్లాడుతుంది?

మూడు వారాల కిందట ఓ ఆదివారం మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వచ్చారు. తిన్నాక అందరం హాల్లో చేరి టీవీలో ఏదో కామెడీ షో చూస్తున్నాం. అందులో ఒక పనివాడి వేషం. శ్రీకాకుళం యాసలో మాట్లాడుతూ, కాఫీ ఒలకబోస్తూ, తన్నులు తింటూ ఉంటాడు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో పనిచేసే ఆవిడ మంచినీళ్ళు పట్టుకొచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆవిణ్ణి చూసి, ఆ షోలోవాడిలాగే, "ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?" అంది.

అందరూ పగలబడి నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆవిడా నవ్వింది.

ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె. భర్త తాపీపని కోసం హైదరాబాదు వస్తే తనూ వచ్చింది. ఆరేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. పొద్దున్నే "ఒచ్చీసినానమ్మా" అని ఒక కేక వేసి లోపలికొచ్చేది. ఆ ఆదివారం తర్వాత ఆ కేక ఆగిపోయింది. మెల్లగా తలుపు తోసుకొచ్చి, "వచ్చానండి" అంటోంది. ఒకరోజు అలవాటుగా "ఒచ్చీ..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, "వచ్చానండి" అని సర్దుకుంది. ఊళ్ళో వాళ్ళమ్మతో ఫోన్ మాట్లాడాలంటే మాత్రం బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అప్పుడు గానీ నాకు తగల్లేదు, ఆ రోజు మేం నవ్వింది దేన్ని చూసో.

మా అమ్మాయికి ఇది ఎవరు నేర్పారు? బళ్ళో నేర్పలేదు, నేనూ నేర్పలేదు. కానీ టీవీ దాని ముందు పెట్టిందీ, పక్కన కూర్చుని నవ్వుతూ చూసిందీ నేనే.

మనం చూసే సీరియళ్ళనే ఒకసారి తలుచుకోండి. డాక్టరు, జడ్జి, కంపెనీ యజమాని, పట్టుచీర కట్టుకునే వంటింట్లో తిరిగే అత్తగారు, వీళ్ళందరిదీ ఒకటే తెలుగు. అది మా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ తెలుగు. పనిమనిషి, తాగుబోతు, దొంగ రాగానే యాస మారిపోతుంది. ఆ పనిమనిషికి ఇల్లుండదు, పిల్లలుండరు. యజమానురాలి రహస్యాలు తలుపు చాటు నుంచి వినడమే ఆవిడ బతుకు. "ఉన్నదే కదా చూపిస్తున్నారు, పనికొచ్చేవాళ్ళు ఆ జిల్లాలవాళ్ళే కదా" అంటారేమో. నిజమే, పనుల్లేక ఊళ్ళొదిలి వస్తున్నారు. కానీ ఏళ్ళ తరబడి అదే చూపిస్తే, ఆ యాస చెవిన పడగానే చీపురు గుర్తొస్తుంది. ఆ యాసలో మాట్లాడే డాక్టరు ఎదురైతే మనకు నమ్మబుద్ధి కాదు.

నేను బి.ఏ. తెలుగు చదివాను కాబట్టి నాకు మరీ సిగ్గేసింది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1892లో విజయనగరంలో మొదట ఆడిన 'కన్యాశుల్కం' ఆ ప్రాంతపు మాటల్లోనే నడుస్తుంది. జనం మాటకు గౌరవం తెచ్చిన నేల మాటే ఇవాళ మనకు జోకైపోయింది. ఎందుకంటే పత్రికలు పెట్టినవాళ్ళూ, సినిమాలకు డబ్బు పెట్టినవాళ్ళూ ఎక్కువగా కోస్తా మధ్య జిల్లాలవాళ్ళు. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. ఎవరి చేతిలో మైకుంటే వాళ్ళ మాట "మామూలు తెలుగు" అవుతుంది, మిగతావన్నీ "యాసలు" అవుతాయి.

మా పక్క ఫ్లాట్ ఆవిడది జనగామ వైపు. "మా చిన్నప్పుడు సినిమాల మా భాష వినబడ్డదంటే రౌడీ అన్న వచ్చినట్టు, జోకర్ అన్న వచ్చినట్టు" అంటుంది. 2014లో తెలంగాణ వచ్చింది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల ఆ భాషలోనే హీరోయిన్ అయింది. 2023లో 'బలగం' చూసి అన్ని జిల్లాలవాళ్ళూ ఏడ్చారు. ఆ భాష మారలేదు, మాట్లాడేవాళ్ళ బలం మారింది. ఉత్తరాంధ్రకూ 2020లో 'పలాస 1978' లాంటిది ఒకటి వచ్చింది గానీ, టీవీలో పనివాడి వేషం మాత్రం ఇంకా అక్కడే ఉంది.

"గోదావరి యాస మీదా జోకులేస్తారుగా" అంది మా ఆడపడుచు. వేస్తారు. కానీ సినిమాల్లో గోదావరివాడు వెటకారంగా ఎదుటివాణ్ణి ఆడిస్తాడు, మనం అతనితో కలిసి నవ్వుతాం. శ్రీకాకుళంవాడు తన్నులు తింటాడు, అతన్ని చూసి నవ్వుతాం. ఈ రెండు నవ్వులూ ఒకటి కావు.

మా అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పబోతే, "అమ్మా, నువ్వూ నవ్వావు కదా" అంది. సమాధానం లేదు నా దగ్గర. ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు తప్పు జరిగిందన్నాను. చేతులు కడుక్కుంటూ అంది:

"పోన్లెండమ్మా, టీవీలో రోజూ సూత్తన్నదే కదా, కొత్తేటి? మా గుంటే ఇస్కూలు మీటింగుకి నన్ను రావద్దంటాది. వచ్చినా మాటాడొద్దంటాది."

వాళ్ళమ్మాయికి పదకొండేళ్ళు. అదీ మేం చూసే షోలే చూస్తుంది. మా అమ్మాయి వాటిని చూసి ఇంకొకళ్ళను చూసి నవ్వడం నేర్చుకుంది. ఆ పిల్ల తన తల్లిని చూసి సిగ్గుపడడం నేర్చుకుంది.

ఇంట్లో ఆ షో మానేశాం. దాంతో అయిపోయిందని అనుకోవడం లేదు, ఎందుకంటే ఆవిడ ఇంకా "వచ్చానండి" అనే అంటోంది. ఈ రాత్రి మీ సీరియల్ పెట్టుకున్నప్పుడు ఒక్క పని చేయండి. ఎవరు కూర్చుని మాట్లాడుతున్నారో, ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో, ఎవరిది ఏ తెలుగో గమనించండి. పక్కన పిల్లలుంటే వాళ్ళనీ అడగండి. పిల్లలే ముందు పట్టేస్తారు.