ఇంటికి ఇద్దరు యజమానులట!

'దమ' మంటే ఇల్లు. వైదికభాషలో 'దంపతీ' అనే ద్వివచనానికి ఇంటికి ఇద్దరు యజమానులని అర్థం. మన చట్టానికి ఈ వ్యుత్పత్తి పట్టదు. దస్తావేజులో ఎవరి పేరుంటే ఇల్లు వారిదే.

విడాకుల నాడు ఈ సంగతి బయటపడుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 27వ సెక్షను, పెండ్లినాడో ఆ దరిదాపుల్లోనో వచ్చి ఇద్దరికీ ఉమ్మడిగా చెందే కానుకల మాటే ఎత్తుతుంది. ఆ తరువాత ఇరవై యేండ్లు కూడబెట్టినదాని ఊసు లేదు. స్త్రీధనం స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరే, నగలు తిరిగివస్తాయి (వస్తే!). మరి భర్త జీతం ఇంటి వాయిదాలకూ, భార్య జీతం బియ్యానికీ, పిల్లల ఫీజులకూ పోయిన సంసారంలో ఆ ఇల్లెవరిది? కాగితం ప్రకారం అతనిది. భరణం దక్కవచ్చు గాని, భరణం వాటా కాదు.

అప్పు దగ్గర మాత్రం సమానత్వం వెల్లివిరుస్తుంది! గృహరుణ పత్రం మీద ఆమె కూడా సంతకం చేసి ఉంటే, విడాకుల డిక్రీ చూపినా బ్యాంకు వదలదు. మొత్తం బాకీ ఆమెనే అడగవచ్చు.

భర్త స్థిరాస్తిలో వాటా ఇప్పించే సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. వాటా ఇస్తే కాపురాలు కూలుతాయని వాదించే పెద్దలున్నారు. గోవాలో పోర్చుగీసు నాటి పౌరస్మృతి ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే దంపతుల ఆస్తి ఉమ్మడి, విడిపోతే చెరిసగం. ఆ పెద్దలు గోవా వెళ్లి ఎన్ని కాపురాలు కూలాయో లెక్కపెట్టి రావచ్చు.