నెలచందా ఆటలు: ఈ లెక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మా పాఠశాలలో చదివి ఇప్పుడు బళ్ళారిలో కళాశాలకు వెళుతున్న ఒక విద్యార్థి తండ్రి ఆ మధ్య నా వద్దకు వచ్చాడు. చరవాణిలో బ్యాంకు సందేశం చూపించి, "అయ్యవారూ, మావాడు వీడియో ఆటలకని నెలనెలా దుడ్లు కడతాండాడు. కొన్నదేదో చూపించరా అంటే, కొనలేదు నాయినా, చందా అంటాడు. ఇదేం యాపారం?" అని అడిగాడు. ప్రశ్న అమాయకమైనదిగా తోచినా, ఆ రంగాన్ని ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్నవారు సైతం అడుగుతున్నది ఇదే.

ఈ విధానానికి పెద్ద ఉదాహరణ మైక్రోసాఫ్ట్ వారి గేమ్ పాస్. 2017 జూన్‌లో అమెరికాలో నెలకు సుమారు 10 డాలర్ల చందాతో ఇది మొదలైంది. చందా కట్టినంతకాలం జాబితాలోని వందకు పైబడిన ఆటలను ఆడుకోవచ్చు. మానిన నాడు ఒక్కటీ మిగలదు. 2018 జనవరిలో ఆ సంస్థ మరొక అడుగు వేసి, తాను స్వయంగా తయారుచేసే కొత్త ఆటలను విడుదలైన రోజే చందాదారులకు ఇస్తానని ప్రకటించింది. చిక్కు ఇక్కడే మొదలైంది.

మన పట్టణాలలో ఒకప్పుడు అద్దె పుస్తకాల దుకాణాలు ఉండేవి. యజమాని నవలను ఒకసారి కొని నూరుమందికి తిప్పేవాడు. ఆ నవలను వ్రాయించే ఖర్చు అతనిది కాదు. గేమ్ పాస్‌లో అద్దె దుకాణమూ, ప్రచురణకర్తా, రచయితకు జీతమిచ్చేవాడూ ఒక్కరే. ఒక పెద్ద ఆట తయారీకి వందలాది మంది నాలుగైదేళ్ళు శ్రమిస్తారు. ఆ ఖర్చును ఏ పద్దులో వ్రాస్తారన్న దానిని బట్టి ఇదే వ్యాపారం లాభంగానూ కనిపించవచ్చు, నష్టంగానూ కనిపించవచ్చు. గేమ్ పాస్ లాభదాయకమేనని సంస్థ చెబుతూ వచ్చింది గాని, దాని లాభనష్టాలను వేరుగా ప్రకటించలేదు.

ప్రకటించిన అంకెలతోనే కొంత గ్రహించవచ్చు. 2022 జనవరిలో చందాదారులు 2.5 కోట్లు, 2024 ఫిబ్రవరిలో 3.4 కోట్లు. ఈ రెండవ అంకెలో, 2023 సెప్టెంబరులో పాత గోల్డ్ చందా నుంచి మార్చబడినవారు కూడా కలిసి ఉన్నారు. కనుక పెరుగుదల చూపుకు కనిపించినంత కాదు. 2025 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో గేమ్ పాస్ రాబడి తొలిసారిగా దాదాపు 500 కోట్ల డాలర్లకు చేరిందని సంస్థాధిపతి సత్య నాదెళ్ళ తెలిపారు. (వారి పూర్వీకుల ఊరు మన పొరుగున ఉన్న అనంతపురం సీమలోనిదే.) ఆ రాబడిని 3.4 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి సుమారు 147 డాలర్లు. అమెరికాలో కొత్తగా వచ్చే పెద్ద ఆట ఒక్కటి 70 డాలర్లు. అంటే చందాదారు ఏటా ఇచ్చేది రెండు ఆటల వెల. ఏటా నాలుగు ఆటలు కొనే అలవాటున్నవాడు చందాలో చేరితే సంస్థకు నష్టం. ఒక్కటీ కొననివాడు చేరితే లాభం. ఆటలంటే మక్కువ ఉన్నవారే ముందుగా చేరతారు గదా!

ఇది కేవలం ఊహ కాదు. గేమ్ పాస్‌లో చేర్చిన ఆటల విడి అమ్మకాలు తరువాతి 12 నెలలలో తగ్గుతున్నట్లు మైక్రోసాఫ్ట్ తానే బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థకు తెలిపిన సంగతి 2023 ఫిబ్రవరి నాటి నివేదికలో ఉన్నది. అదే ఏడాది అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లకు ఆక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు పూర్తయింది. ఆ కొనుగోలు గేమ్ పాస్ ఒక్కదాని కోసమే కాదు, నిజమే. కాని 2024 అక్టోబరులో, ఏటా కోట్ల ప్రతులు అమ్ముడయ్యే కాల్ ఆఫ్ డ్యూటీ వరుసలోని కొత్త ఆటను విడుదలనాడే చందాదారుల ముందు పెట్టారు.

ఆ బరువును మోయవలసి వచ్చింది ఇద్దరు. ఒకరు ఉద్యోగులు: 2024 జనవరిలో ఆటల విభాగంలో 1,900 మందిని తొలగించారు. అదే మే నెలలో, హై-ఫై రష్ అనే ఆటతో ఎంతో మెప్పు పొందిన టాంగో గేమ్‌వర్క్స్‌ను మూసివేస్తున్నట్లు ప్రకటించారు. ఆ ఆట గేమ్ పాస్‌లో విడుదలనాడే వచ్చినదే. ఆదరణకూ ఆదాయానికీ ముడి తెగితే ఇటువంటివే జరుగుతాయని నా అభిప్రాయం. రెండవవారు చందాదారులు: పై తరగతి చందా 2023లో 17 డాలర్లకు, 2024లో 20కి, 2025 అక్టోబరులో ఒక్కసారిగా 30కి పెరిగింది. మన దేశంలో ఆ చివరి పెంపుతో రూ.829 కాస్తా రూ.1,389 అయింది.

సోనీ మాత్రం 2022 జూన్‌లో తన చందాను మూడు తరగతులుగా మార్చినప్పుడు కూడా సొంత పెద్ద ఆటలను మొదటి రోజే అందులో పెట్టలేదు. ముందు అమ్మి, తరువాత చందాలో చేర్చింది. పాతకాలపు వర్తక బుద్ధే, కాని లెక్క కుదిరినది. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో మొదలై 2023 జనవరిలో మూతబడింది. ఆటలకూ పరికరాలకూ కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం ఒక్కటే దానిలో మెచ్చదగిన సంగతి.

వచ్చిన పెద్దమనిషికి ఇదంతా చెప్పలేదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2021 అక్టోబరు నుంచి, కార్డుపై తానై జరిగే ఇటువంటి చెల్లింపులకు 24 గంటల ముందే బ్యాంకు సందేశం పంపాలనీ, వద్దనుకుంటే ఆపించుకోవచ్చనీ మాత్రం చెప్పాను. పరీక్షల నెలలలో ఆపి, సెలవులలో మళ్ళీ కట్టుకోమని కొడుకుతో చెబుతానంటూ వెళ్ళాడు.