ముఖానికి క్రీమ్ కాదు, కంటికి నిద్ర కావాలి



పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన హాస్టల్ రూముల్లో రాత్రి రెండింటి దాకా లైట్లు ఆరవు. సగం చదువు, సగం ఫోన్. పొద్దున అద్దం చూసుకుంటే కళ్ల కింద నలుపు, ఉబ్బిన రెప్పలు, నుదుటి మీద మొటిమలు. ఇక స్కాలర్‌షిప్ పడగానే మనలో కొందరు పోయేది మెడికల్ షాపుకే, తెల్లగా చేసే క్రీమ్ కోసం.

ఇక్కడే మనం పొరబడుతున్నాం. ముఖం అలిసిపోతే, తప్పు మన రంగుదని అనుకుంటున్నాం.

స్వీడన్ పరిశోధకులు 23 మందికి బాగా నిద్రపోయాక ఒకసారి, నిద్ర లేకుండా ఉంచాక ఒకసారి ఫొటోలు తీసి, 65 మందికి చూపించారు. ఫలితాలు 2010లో వచ్చాయి. నిద్రలేని ముఖాలే అలసటగా, ఆరోగ్యం, అందం తగ్గినట్టు కనబడ్డాయట. మనుషులు వాళ్లే, మారింది నిద్ర ఒక్కటే. నిద్ర తగ్గితే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. మొటిమలున్న వాళ్లకు అవి ఇంకా ముదరొచ్చు.

డాక్టర్ చీటీ లేకుండా అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో ముఖం తేటగా అనిపిస్తుంది. వాడగా వాడగా చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. ఆపితే మంట. డబ్బులిచ్చి తెచ్చుకునే జబ్బు అది!

నిద్ర మన రంగు మార్చదు, మార్చాల్సిన పనీ లేదు. ఈ రంగు మన అమ్మానాన్నలది, ఎండలో పోడు చేసిన తాతలది. దాన్ని ఎవడో ఎగతాళి చేస్తే తప్పు వాడిది.

పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కనీసం 7 గంటలు, అంతకన్నా చిన్న హైస్కూల్, ఇంటర్ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఫోన్ పక్కన పెట్టడం మన చేతుల్లో పని. కానీ ఒకే మంచం మీద ఇద్దరు, దోమలు, తిరగని ఫ్యాను ఉంటే నిద్ర ఎట్లా పడుతుంది? దోమతెర, మంచం, ఫ్యాను అడగడం సోకు కాదు, మన హక్కు. అందరం కలిసి వార్డెన్ సార్‌కి రాసిద్దాం.

ఇంకో మాట. బాగా పడుకున్నా ముఖం పాలిపోయి, నీరసంగా ఉంటే అది రక్తహీనత కావచ్చు. మన గూడేల్లో సికిల్ సెల్ కూడా ఉంది. పీహెచ్‌సీకి పోయి రక్తపరీక్ష చేయించుకోండి.

ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

జై ఆదివాసీ!